రెక్కలు విప్పిన వీపు: 1746 నాటి ఒక ఫ్రెంచి రంగుల చెక్కడం

ఒక యువతి మనకు వీపు చూపి ఉంది. జుట్టు పైకి దువ్వి ముడి వేసుకుంది. ముఖాన్ని పక్కకు తిప్పి, భుజం మీదుగా దేన్నో చూస్తున్నట్టుంది. చెంపల మీది ఎరుపు చెదరలేదు, ముఖంలో నొప్పి జాడ లేదు. మెడ దిగువ నుంచి నడుము దాకా మాత్రం చర్మం లేదు. వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న కండరాలను పొరలు పొరలుగా ఊడదీసి, తలుపు రెక్కలు తెరిచినట్టు రెండు పక్కలకూ పరిచారు. నడుమ వెన్నెముక, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. తెరిచిన ఆ కండరాలే దూరం నుంచి చూస్తే ఎర్రని రెక్కల్లా ఉంటాయి. అందుకే తర్వాతి తరాలవారు ఈ బొమ్మకు ‘శరీరశాస్త్ర దేవదూత’ అని పేరు పెట్టుకున్నారు. గీసినవాడు పెట్టిన పేరు కాదది. అతడి దృష్టిలో ఇది వీపు కండరాలను చూపే ఒక పాఠ్యచిత్రం మాత్రమే. 1746లో పారిస్‌లో వెలువడిన ‘మయోలజీ కొంప్లెత్’ అనే కండరాల గ్రంథంలోని ఇరవై చిత్రాలలో ఇది పద్నాలుగవది.

ఈ బొమ్మ ముందు నిలబడినవారు తరచుగా పొరబడేది ఒకటుంది. ఇది కుంచెతో వేసిన చిత్రమనో, నలుపులో అచ్చు వేసి పైన చేత్తో రంగులద్దిన చిత్రమనో అనుకుంటారు. రెండూ కావు. ఇందులోని ప్రతి రంగూ అచ్చు యంత్రం కింద నుంచి వచ్చిందే. నాలుగు రాగిరేకులు, నాలుగు సిరాలు, ఒకే కాగితం. ఆ కాలానికి పుస్తకాలలోని రంగుబొమ్మలు దాదాపు అన్నీ చేత్తో అద్దినవే. ఒక్కొక్క ప్రతికీ ఒక్కొక్కసారి కుంచె పట్టాలి. రంగునే అచ్చు వేయగలగడం అప్పటికి ఒక వింత. ఆ వింతను సాధించే క్రమంలో ఒకరు అప్పుల పాలయ్యారు, ఒకరు కీర్తి దక్కించుకున్నారు, ఒకరు పేరుతో సరిపెట్టుకున్నారు, ఒకరికి పేరు కూడా మిగలలేదు. ఆ నలుగురి కథే ఈ బొమ్మ కథ.

మొదటివాడు జాకబ్ క్రిస్టఫ్ ల బ్లాన్. 1667లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్న చిన్న రూపచిత్రాలు వేసి బతికాడు. న్యూటన్ ‘ఆప్టిక్స్’ గ్రంథం 1704లో వచ్చింది. తెల్లని వెలుతురు పట్టకం గుండా వెళితే రంగులుగా విడిపోతుందని, ఆ రంగులు మళ్ళీ కలిస్తే తెలుపు వస్తుందని న్యూటన్ చూపించాడు. ఆ రంగులను ఏడుగా లెక్కపెట్టాడు. సరిగ్గా ఆ రోజులలోనే ల బ్లాన్ చిత్రకారుడి వైపు నుంచి మరో దారిలో ఆలోచిస్తున్నాడు. చిత్రకారుడి పలకమీద ఎన్ని రంగులున్నా వాటన్నిటినీ పసుపు, ఎరుపు, నీలం అనే మూడింటితో సృష్టించవచ్చని అతడి నమ్మకం. అది చిత్రకారులకు కొంతవరకూ తెలిసిన సంగతే. ల బ్లాన్ కొత్తదనం దాన్ని అచ్చుకు ముడిపెట్టడంలో ఉంది. చిత్రంలోని రంగులను మనసులోనే మూడుగా విడదీసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రాగిరేకు చెక్కి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తే మొదటి చిత్రం తిరిగి పుడుతుందని అతడు ఊహించాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వెలుతుర్లన్నీ కలిస్తే తెలుపవుతుంది, సిరాలన్నీ కలిస్తే నలుపవుతుంది. ల బ్లాన్‌కు ఈ తేడా స్పష్టంగా తెలుసు. లండన్‌లో 1725 ప్రాంతంలో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో పక్కపక్కనే అచ్చు వేసిన ‘కొలొరిత్తో’ అనే చిన్న పుస్తకంలో, చేతికి తగిలే రంగులు వేరు, న్యూటన్ చెప్పిన చేతికి తగలని రంగులు వేరు అని విడదీసి చెప్పాడు. అతడు న్యూటన్‌ను కాదనలేదు. న్యూటన్ పని ఎక్కడ ఆగిందో, తన పని ఎక్కడ మొదలయిందో గుర్తించాడు. ఆ వివేకం అతడి శిష్యుడికి అబ్బలేదని తర్వాత తేలుతుంది.

అతడు ఎంచుకున్న పద్ధతి మెజోటింట్. మామూలు చెక్కడంలో రాగిరేకు మీద గీతలు చెక్కి, ఆ గీతలలో సిరా నింపి అచ్చు తీస్తారు. మెజోటింట్ దీనికి తలకిందులు. పదును పళ్ళున్న ఒక వంపు ఉలిని రేకు మీద అటూ ఇటూ ఊపుతూ, రేకంతా సన్నని గరుకుతో నింపుతారు. ఆ స్థితిలో సిరా పూసి అచ్చు తీస్తే కాగితమంతా కటిక నలుపు. ఆ తర్వాత ఎక్కడెక్కడ వెలుతురు కావాలో అక్కడక్కడ ఆ గరుకును గీకి, నున్నగా రుద్దుకుంటూ పోతారు. బాగా నున్నబడిన చోట సిరా నిలవదు, కాగితం తెల్లగా ఉండిపోతుంది. సగం నున్నబడిన చోట సగం ఛాయ. చీకటిలోంచి వెలుతుర్ని తవ్వి తీయడమన్నమాట. గీత అనేదే లేకుండా ఛాయలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి గనుక, చర్మపు నునుపును, బట్ట ముడతలను చూపడానికి ఇంతకంటె మంచి పద్ధతి అప్పట్లో లేదు.

దీన్ని మూడు రేకుల మీద మూడుసార్లు చేయాలి. ఎంత నీలం, ఎంత పసుపు, ఎంత ఎరుపు కలిస్తే ఒక చెంప చెంపగా కనిపిస్తుందో చెక్కేవాడు కంటితోనే తేల్చుకోవాలి. ఇప్పటిలా ఛాయాచిత్రం గాని, గాజు వడపోతలు గాని అప్పుడు లేవు. నీలానికి బెర్లిన్‌లో అప్పటికి కొత్తగా కనిపెట్టిన ప్రష్యన్ బ్లూ అక్కరకు వచ్చింది. మొదట నీలం, దాని మీద పసుపు, దాని మీద ఎరుపు అచ్చు వేసేవాడు. తడిపిన కాగితం ప్రతి అచ్చుకూ సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే పెదవి చెంప మీదికి పోతుంది. దీనికి తోడు మెజోటింట్ రేకు తొందరగా అరిగిపోతుంది. అచ్చు యంత్రం ఒత్తిడికి ఆ సన్నని గరుకు అణగిపోయి, కొన్ని వందల ప్రతులు తీసేసరికే బొమ్మ పాలిపోతుంది.

ల బ్లాన్ 1719లో ఇంగ్లండు రాజు మొదటి జార్జి నుంచి పేటెంటు పొందాడు. వాటాదారులను కూర్చుకుని లండన్‌లో ‘పిక్చర్ ఆఫీస్’ అనే సంస్థ పెట్టాడు. ఇటలీ మహాచిత్రకారుల తైలవర్ణ చిత్రాలను రంగులలో అచ్చు వేసి, ధనికుల ఇళ్ళ గోడలకే గాక మధ్యతరగతి గోడలకూ చేర్చాలన్నది తలంపు. అచ్చయిన బొమ్మకు పైన వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలాగే ఉండేది. చేతి పని మాత్రం అద్భుతం, లెక్కల పని అధ్వానం. కొద్ది ఏళ్ళలోనే సంస్థ దివాలా తీసింది. ఇదే సూత్రంతో తివాచీలు నేయించాలన్న మరో ప్రయత్నమూ ఫలించలేదు. చివరికి 1735 ప్రాంతంలో అతడు పారిస్ చేరుకున్నాడు. అప్పటికి అరవై దాటి ఏడేళ్ళు. 1737లో ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ అతడి పద్ధతికి రాజానుమతి ఇచ్చాడు. ఫ్రెంచిలో దాన్ని ప్రివిలేజ్ అంటారు. ఆ పనిని ఆ దేశంలో అతడు తప్ప మరొకరు చేయకూడదని అర్థం. అయితే రాజుగారు నియమించిన పరిశీలకుల ఎదుట పద్ధతిని దాపరికం లేకుండా చేసి చూపాలి. ముసలి చిత్రకారుడు అందుకు ఒప్పుకున్నాడు. 1739లో రాజుగారి రూపచిత్రాన్ని రంగులలో అచ్చు వేశాడు. 1741లో పారిస్‌లోనే కన్నుమూశాడు.

రెండవవాడు జాక్ ఫాబియాన్ గోతియే. మార్సేయ్ నగరం నుంచి పారిస్‌కు వచ్చిన యువకుడు. ‘దగోతీ’ అన్న రెండవ పేరు తర్వాతి రోజులలో తగిలించుకున్నదే. 1738లో ల బ్లాన్ పనిశాలలో సహాయకుడిగా చేరాడు. అక్కడ ఉన్నది కొద్ది వారాలే. కూలి గిట్టలేదో, నేర్వవలసింది నేర్చేసుకున్నాననుకున్నాడో, బయటికి వచ్చేశాడు. వచ్చినవాడు ఊరుకోలేదు. నాలుగు రేకుల పద్ధతి తన సొంతమని ప్రకటించాడు. మూడు రంగులకు నల్ల రేకును చేర్చడం తన ప్రజ్ఞ అని, కాబట్టి ఇది ల బ్లాన్ పద్ధతి కాదని అతడి వాదం. ల బ్లాన్ మరణించిన 1741లోనే ఆ రాజానుమతి గోతియే చేతికి వచ్చింది. వారసులూ, పాత సహాయకులూ గోలపెట్టినా ఫలితం లేకపోయింది.

నల్ల రేకు విషయంలో గోతియే మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. అవసరమైన చోట నలుపును వాడడం ల బ్లాన్‌కూ తెలుసు. కాని అతడికి అది ఊతకర్ర, సూత్రం మూడు రంగులదే. గోతియే నలుపును పునాది చేశాడు. ముందుగా నల్ల రేకుతో వెలుగునీడలన్నీ, ఆకారమంతా తేల్చి, దాని మీద నీలం, పసుపు, ఎరుపు వేశాడు. దీనివల్ల పని సులువయింది. రంగులు కొంచెం అటూ ఇటూ అయినా నలుపు బొమ్మను నిలబెడుతుంది. ఈనాటి అచ్చు యంత్రాలు కూడా నాలుగు రంగులతోనే నడుస్తున్నాయి గనుక, గోతియే చూపు తప్పు కాదని కాలమే చెప్పింది. తప్పు ఎక్కడంటే, మూడు మెట్లు కట్టినవాడిని మరిచి నాలుగవ మెట్టు మీద తన ఒక్కడి పేరే చెక్కుకోవడంలో.

రాజానుమతి చేతికొచ్చింది. దానితో ఏం అచ్చు వేయాలి? ల బ్లాన్ లాగా మహాచిత్రకారుల నకళ్ళు వేస్తే అదే గతి పట్టవచ్చు. ల బ్లాన్ కూడా లండన్‌లో ఉన్నప్పుడు ఒక శవచ్ఛేద చిత్రాన్ని రంగులలో అచ్చు వేసి చూశాడు. అతడి దగ్గర పని నేర్చిన యాన్ లద్మిరాల్ అనే డచ్చివాడు లైడెన్‌లో అల్బీనస్ అనే ఆచార్యుడి కోసం చిన్న చిన్న శరీరశాస్త్ర చిత్రాలు రంగులలో తీశాడు. ఆ దారిని గోతియే రాజమార్గం చేశాడు. రక్తనాళం ఎరుపు, కొవ్వు పసుపు, సిర నీలం. మూడు రంగుల అచ్చుకు మానవదేహం కంటె తగిన వస్తువేముంది?

అక్కడ మూడవవాడు వస్తాడు. పారిస్‌లో ‘జార్దాన్ ద్యు ర్వా’, అంటే రాజుగారి తోట, మూలికల వనంగా మొదలై విద్యాకేంద్రంగా ఎదిగింది. విశ్వవిద్యాలయంలో లాటిన్‌లో చెప్పే పాఠాలు ఇక్కడ ఫ్రెంచిలో, రుసుము లేకుండా, ఎవరు వచ్చినా చెప్పేవారు. శవచ్ఛేద ప్రదర్శనలకు వైద్యవిద్యార్థులే గాక వేడుక కొద్దీ వచ్చే పెద్దమనుషులూ కూర్చునేవారు. అక్కడ శరీరశాస్త్ర ప్రదర్శకుడు జాక్ ఫ్రాంస్వా మరీ దువెర్నే. చెవి నిర్మాణం మీద 1683లో ప్రసిద్ధ గ్రంథం రాసిన జోసెఫ్ గిషార్ దువెర్నే వేరు, ఈయన వేరు. పుస్తకాల జాబితాలు ఇప్పటికీ ఇద్దరినీ ఒకరిగా కలిపేస్తూ ఉంటాయి. గోతియేతో కలిసే నాటికి ఈయన ఎనభైల వయసులో ఉన్నాడు. కండరాన్ని విడదీసి చూపేది దువెర్నే. చూసి చిత్రించి, చెక్కి, అచ్చు వేసేది గోతియే. 1745లో తల, మెడ కండరాలతో మొదటి భాగం వచ్చింది. మిగిలిన దేహంతో కలిపి 1746లో సంపూర్ణ గ్రంథం వెలువడింది. రెండేళ్ళకు దువెర్నే మరణించాడు. తర్వాతి గ్రంథాలకు మెర్త్రూ అనే మరో ప్రదర్శకుడు శవచ్ఛేదం చేశాడు.

పుస్తకం పేరులోనే గోతియే తన గిరాకీ ఎవరో చెప్పుకున్నాడు. ఈ గ్రంథం విద్యార్థులకూ, ఈ శాస్త్రం మీద ఇష్టమున్న రసికులకూ ఉపయోగకరం, అవసరం అన్నాడు. రసికులు అన్న మాట ముఖ్యం. బొమ్మలు సహజ పరిమాణంలో ఉన్నాయని, రంగులలో ఉన్నాయని కూడా పేరులోనే చేర్చాడు. శవం వాసన లేకుండా, చలికాలం కోసం ఎదురుచూడకుండా, ఇంట్లో కూర్చుని మానవదేహాన్ని తెరిచి చూడవచ్చునన్న ఆకర్షణ అది. అందుకే వీపు చూపే బొమ్మకు అంత అందమైన మెడ, అంత జాగ్రత్తగా దువ్విన జుట్టు.

వైద్యుడి కళ్ళతో చూస్తే ఈ పుస్తకం ఎంతవరకు పనికొస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మరుసటి ఏడాదే, 1747లో, లైడెన్ నుంచి పోటీ గ్రంథం వచ్చింది. అల్బీనస్ అస్థిపంజర, కండర పటాలవి. చెక్కినవాడు యాన్ వాండెలార్. అందులో రంగు లేదు, నల్లని గీత మాత్రమే ఉంది. అస్థిపంజరానికీ చిత్రకారుడికీ మధ్య దారాలతో అల్లిన గళ్ళ వలలు నిలబెట్టి, గడి గడికీ కొలిచి గీయించాడు అల్బీనస్. కండరం ఎక్కడ ఎముకను పట్టుకుంటుందో, పోగులు ఏ దిక్కుకు సాగుతాయో ఆ గీత స్పష్టంగా చెబుతుంది. గోతియే మెజోటింట్‌లో సరిగ్గా అదే పోయింది. గీత లేని పద్ధతి గనుక కండరపు పోగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయాయి. నాలుగు అచ్చులూ కచ్చితంగా పొసగని చోట అంచులు మసకబారాయి. పందొమ్మిదవ శతాబ్దంలో శరీరశాస్త్ర చిత్రాల చరిత్ర రాసిన జర్మను వైద్యుడు షూలాన్ట్ ఈ పటాలను శాస్త్రపరంగా నమ్మదగినవి కావన్నాడు. శస్త్రచికిత్స నేర్చే విద్యార్థి అల్బీనస్‌నే తెరిచాడు.

ఆ తీర్పు న్యాయమైనదే, కాని సంపూర్ణం కాదు. శవచ్ఛేద గదిలో మొదటిరోజు అడుగుపెట్టిన ఏ వైద్యవిద్యార్థికైనా, పుస్తకంలోని నల్లని గీతకూ బల్లమీది దేహానికీ ఎంత దూరమో తెలుసు. అక్కడ ఏ కండరం చుట్టూ గీత ఉండదు. తడి, మెరుపు, పాలిపోయిన ఎరుపు, పచ్చని కొవ్వు, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పొరలు ఉంటాయి. అల్బీనస్ తెలుసుకోవలసినదాన్ని చూపాడు. గోతియే కంటికి కనిపించేదాన్ని చూపాడు. రెండింటి మధ్య ఉన్న ఎడం వైద్యవిద్యలో నేటికీ పూడలేదు. గీతల పటం చూసి చదివి, ఛాయాచిత్రం చూసి తడబడే విద్యార్థులు ప్రతి ఏడూ ఉంటారు.

గోతియే అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మూడు రంగులతో లోకమంతా అచ్చు వేయగలుగుతున్నాను గనుక న్యూటన్ ఏడు రంగుల సిద్ధాంతం తప్పు అని అతడికి తోచింది. 1749 నుంచి వరసగా న్యూటన్‌కు వ్యతిరేకంగా గ్రంథాలు రాశాడు. వెలుగుకూ చీకటికీ జరిగే కలయికలోంచే రంగులు పుడతాయన్నాడు. సిరాకు వర్తించేది వెలుతురుకు వర్తించదని గురువు పాతికేళ్ళ ముందే చెప్పిన మాటను శిష్యుడు వినిపించుకోలేదు. విజ్ఞాన అకాడమీ పెద్దలు అతడి వాదాన్ని ఆదరించలేదు. దానికి జవాబుగా అతడు 1752లో సొంత పత్రిక పెట్టాడు. ప్రకృతి చరిత్ర, భౌతికశాస్త్రం, చిత్రకళల మీద వ్యాసాలూ, తాను అచ్చు వేసిన రంగుబొమ్మలూ కలిపి ప్రచురించాడు. రంగులలో అచ్చయిన చిత్రాలతో వెలువడిన తొలి శాస్త్ర పత్రికలలో అది ఒకటి. ఓడిపోయిన వాదం కోసం పుట్టిన పత్రిక ముద్రణ చరిత్రలో గెలిచింది. అరవై ఏళ్ళ తర్వాత గొయ్‌థె తన వర్ణసిద్ధాంత గ్రంథంలో, న్యూటన్‌ను ఎదిరించినవాడిగా గోతియేను సానుభూతితో తలచుకున్నాడు. న్యూటన్ మీద గొయ్‌థె చేసిన యుద్ధం కూడా ఓడిపోయినదే గనుక, అది ఒక ఓడిన సేనాని మరొక ఓడిన సేనానికి చేసిన నమస్కారం.

ఇంతలో చచ్చిపోయిన గురువు తరఫున ఒకరు కలం పట్టారు. ఆంత్వాన్ గోతియే ద మొందోర్జ్ అనే ఆయన, పేరులో గోతియే ఉన్నా మన చిత్రకారుడికి బంధువు కాడు, 1756లో ‘చిత్రాలను అచ్చు వేసే కళ’ అనే పుస్తకం ప్రచురించాడు. ల బ్లాన్ రాతల నుంచీ, చేతల నుంచీ, నోటి మాటల నుంచీ కూర్చిన పుస్తకమని ముందే చెప్పాడు. రేకును ఎలా సిద్ధం చేయాలో, ఏ రంగు ఏ క్రమంలో పడాలో అందులో వివరంగా ఉంది. ఈ పుస్తకం ల బ్లాన్‌కు రాజానుమతిని తిరిగి ఇప్పించలేదు. కాని రహస్యాన్ని రహస్యం కాకుండా చేసి, కళను అందరిదిగా చేసింది. దొంగతనానికి ఇంతకంటె నాగరికమైన శిక్ష దొరకదు.

గోతియే తర్వాతి రోజులలో రాజుగారి భృతి పొందే శరీరశాస్త్రజ్ఞుడినని చెప్పుకున్నాడు. లోపలి అవయవాల మీద, తల మీద, చివరికి 1773లో జననాంగాల మీద గ్రంథాలు తీశాడు. మూడు పటాలను ఒకదాని కింద ఒకటి అతికిస్తే నిలువెత్తు మనిషి అయ్యేటట్టు కొన్ని బొమ్మలు చేశాడు. కొడుకులూ ఈ వృత్తిలోకే దిగారు. ఒక కొడుకు ఝాన్ బతీస్త్ ఆంద్రే, రాణి మరీ ఆంత్వానెత్ తన గదిలో వీణ వంటి హార్ప్ వాయిస్తున్న చిత్రం వేసి చరిత్రకెక్కాడు. మరో కొడుకు ఇటలీ వెళ్ళాడు, ఇంకొకడు నాన్సీ పట్టణంలో శరీరశాస్త్ర గ్రంథం తీశాడు. 1780ల నడుమ తండ్రి మరణించేనాటికి ఫ్రాన్సులో రంగుల చెక్కడం వేరే చేతులలో వికసిస్తోంది. ఝానినే, దెబ్యుకూర్ వంటివారు నీటిరంగుల తేటదనాన్ని రాగిరేకు మీదికి తెచ్చారు. దెబ్యుకూర్ 1792లో చెక్కిన ‘బహిరంగ విహారం’ అనే జనసమ్మర్ద చిత్రం ఆ కళకు శిఖరం. పనిముట్లు మారినా, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు అన్న సూత్రం ల బ్లాన్‌దే. విప్లవం వచ్చి, రాజులూ రాజానుమతులూ పోయాయి.

ఇక మిగిలింది నాలుగవ వ్యక్తి, ఆ యువతి.

శరీరశాస్త్ర గ్రంథాలలో చచ్చినవాళ్ళు బతికున్నట్టు నిలబడడం కొత్త కాదు. 1543లో వెసేలియస్ పుస్తకంలో కండరాల మనుషులు కొండల నడుమ నడుస్తారు. 1556లో వల్వెర్దె పుస్తకంలో ఒకడు తన చర్మాన్ని తానే ఒలిచి చేత్తో పట్టుకుని నిలుచుంటాడు. అయితే ఆ కండరాల మనుషులు దాదాపు అందరూ మగవారే. ఆడదేహం గ్రంథంలోకి వచ్చేది గర్భసంచిని చూపవలసినప్పుడు మాత్రమే. వీపు కండరాలు ఆడా మగా ఇద్దరికీ ఉన్నవే. వాటి కోసం గోతియే ఒక స్త్రీని ఎంచుకోవడంలో శాస్త్రావసరం ఏమీ లేదు. కొనేవాడి కన్ను ఎక్కడ నిలుస్తుందో అతడికి తెలుసు.

ఆ బొమ్మలో నిజానికి రెండు దేహాలున్నాయి. ఒకటి బల్లమీద దువెర్నే కత్తి కింద పడుకున్నది. ఆ కాలపు పారిస్‌లో శవచ్ఛేదానికి దేహాలు దొరికేది ఉరికంబం నుంచి, ధర్మాసుపత్రుల నుంచి, కాపలా లేని సమాధుల నుంచి. అంటే శవాన్ని అడిగి తీసుకుపోవడానికి ఎవరూ లేని పేదల నుంచి. రెండవది, ముడి వేసిన జుట్టుతో, ఎర్రని చెంపలతో పక్కకు చూస్తున్నది. ఆ ముఖం శవం ముఖం కాదు. చచ్చిన వీపుకు బతికిన ముఖాన్ని అతికించాడు చిత్రకారుడు. ఆ అతుకు ఎక్కడుందో కంటికి కనిపించనీయకుండా చేసింది మెజోటింట్ పద్ధతే. మెడ మీది చర్మపు గులాబి ఛాయ మెల్లగా కండరపు ఎరుపులోకి కరుగుతుంది. బతుకుకూ చావుకూ మధ్య గీత లేదు. ల బ్లాన్ రంగుల సూత్రం అంత పరిపూర్ణంగా పనిచేసిన చోటు బహుశా మరొకటి లేదు.

పుస్తకం మీద గోతియే పేరుంది, రాజానుమతి ప్రస్తావన ఉంది, దువెర్నే పేరుంది. ల బ్లాన్ పేరును మొందోర్జ్ పుస్తకం కాపాడింది. వీపు ఇచ్చిన మనిషికి మాత్రం పేరు లేదు. ఈ రోజులలో దేహదానం చేసినవారి కుటుంబాలను పిలిచి కృతజ్ఞతాసభలు జరిపే వైద్యకళాశాలలు ఎన్నో ఉన్నాయి. అటువంటి సభలలో చదివే పేర్ల వెనుక, పేరు లేకుండా పాఠం చెప్పిన వందల ఏళ్ళ దేహాలున్నాయి. వారిలో ఈ దేవదూత ఒకరు.

ల బ్లాన్ సూత్రానికి మలి జన్మ వచ్చింది. 1861లో మాక్స్‌వెల్ వెలుతురు రంగులతో మొదటి రంగుల ఛాయాచిత్రాన్ని చూపాడు. 1869లో ద్యు హొరోన్, క్రో అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఒకరికొకరు తెలియకుండానే మూడు రంగుల ఛాయాచిత్ర పద్ధతులను ప్రకటించారు. చెక్కేవాడి కన్ను చేసిన పనిని గాజు వడపోత చేయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఆఫ్‌సెట్ అచ్చు, దాని నుంచి శివకాశి క్యాలెండర్లు. తెలుగు ఇళ్ళ గోడల మీద వేంకటేశ్వరుడూ లక్ష్మీదేవీ ఏటేటా కొత్తగా వెలిసేది నీలం, ఎరుపు, పసుపు, నలుపు అనే నాలుగు పలకల నుంచే. ఆ క్యాలెండరు అంచున, కత్తిరించని చోట, నాలుగు రంగుల చిన్న చిన్న చుక్కలు ఒక్కొక్కసారి మిగిలిపోతాయి. ఒక్కొక్కసారి ముద్ర జరిగి దేవుడి పెదవి పక్కన ఎర్రని నీడ కనిపిస్తుంది. తడి కాగితంతో, వెంట్రుకవాసి తేడాతో ల బ్లాన్ పడిన అవస్థ అదే.

లండన్‌లో దివాలా తీసిన ఆ ముసలివాడు కోరుకున్నదీ ఇదే. మంచి బొమ్మ మామూలు మనిషి గోడ మీదికి రావాలని. అది వచ్చేసరికి అతడి పేరు ఎవరికీ గుర్తు లేదు. భుజం మీదుగా వెనక్కి చూస్తున్న ఆ యువతి పేరు లాగే.